కుల్కచర్ల నేలను అడిగి నాటిన పండ్లు

హైదరాబాదు నుండి బీజాపూరు వైపు సాగే రహదారిపై అప్పా కూడలి దాటింది మొదలు మన్నెగూడ వరకు మర్రిచెట్లు ప్రయాణికునికి తోడుగా వస్తాయి. రహదారి విస్తరణకు ముందు ఆ 46 కిలోమీటర్ల దారిలో దాదాపు 900 మర్రులు ఉన్నాయని లెక్క. నిజాం పాలనాకాలంలో బాటసారుల నీడ కోసం నాటిన చెట్లవి. రహదారి విస్తరణ సందర్భంలో వాటిని కాపాడుకోవాలని ప్రజలు న్యాయస్థానం దాకా వెళ్ళారు. మన్నెగూడ దాటి పరిగి చేరి, అక్కడి నుండి దక్షిణంగా మహబూబ్‌నగర్ దిశకు తిరిగితే దారి సన్నబడుతుంది, ఎండ పెరుగుతుంది, పొలాల మధ్య నల్లని రాతిగుండ్లు కనిపించసాగుతాయి. ఆ దారిలోనే ఉన్నది కుల్కచర్ల.

2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా ఏర్పడేవరకు ఈ మండలం రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఊరి పేరు చివరనున్న ‘చర్ల’లో చెరువు వినిపిస్తుంది. వానలు బాగా పడిన ఏడు ఆ పేరు సార్థకమవుతుంది, లేని ఏడు బోరుబావులే దిక్కవుతాయి. బండవెల్కిచర్ల సమీపాన పాంబండ గుట్ట ఎక్కి చూస్తే ఈ నేల స్వభావం అర్థమవుతుంది. ఒకవైపు ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్ర చెల్క, మరోవైపు తేమను పట్టి ఉంచే నల్లరేగడి. ఇంకా పడమరగా తాండూరు వైపు వెళితే భూమి కిందంతా సున్నపురాయి. దేశమంతటా ఇళ్ళలో పరచుకునే తాండూరు నాపరాళ్ళు అక్కడివే. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండేదీ ఆ నేలలోనే.

ఈ వివరాలన్నీ ముందుగా చెప్పటానికి కారణం ఉంది. మేము ఈ ప్రాంతానికి విహారానికి వెళ్ళలేదు. మా ఆపా కుటుంబం అక్కడ రసాయనాలు వాడకుండా రెండెకరాల సాగు చేసుకుంటున్నది. గత ఏడాది వేసవిలో వారి ఇంట ఒక ప్రశ్న తలెత్తింది. దానిపై నలుగురూ కలిసి కూర్చుని మాట్లాడుకునేందుకు మమ్మల్ని పిలిచారు.

మా మేనకోడలు రెండేళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసి, నగరజీవితం మీద మనసు విరిగి ఊరికి తిరిగివచ్చింది. జీతంలో మిగుల్చుకున్న పైకం ఆమె చేతిలో ఉన్నది. ఇంటి వెనకనున్న ఇరవై గుంటల చెల్కలో బ్లూబెర్రీ తోట వేయాలని ఆమె సంకల్పం. నగరంలోని పెద్ద దుకాణాల్లో 125 గ్రాముల చిన్న డబ్బా ఏ ధరకు అమ్ముడుపోతుందో ఆమె కళ్ళారా చూసింది. వరుసల మధ్య మూడు మీటర్లు, మొక్కల మధ్య ఒక మీటరు వదిలినా అర ఎకరంలో 650కి పైగా మొక్కలు పడతాయని లెక్క వేసి పెట్టుకుంది.

“అబ్బా, పత్తికి పెట్టే చాకిరీలో సగం దీనికి పెడితే చాలు. నన్ను నమ్మండి” అన్నది ఆమె.

బావగారు వెంటనే జవాబివ్వలేదు. కొంతసేపటికి, “నిన్ను నమ్మకపోవటం లేదు, బేటీ. ఆ ఇరవై గుంటలూ నీవే అనుకో. కాని లెక్క తప్పితే నీ రెండేళ్ళ కష్టార్జితం పోతుంది. ఆ తరువాత ఈ ఊళ్ళో నీకు మనసు నిలవదు. నా భయం అది” అన్నారు.

తండ్రి భయపడింది డబ్బుకంటే ఎక్కువగా బిడ్డ గురించేనని అక్కడున్న అందరికీ అర్థమైంది. తోట విఫలమైతే ఆమె నగరానికి తిరిగివెళుతుంది, ఆ వెళ్ళటంలో ఓటమి కూడా ఉంటుంది. అందుకే ఆ రోజు చర్చ పండు ధరతో మొదలుపెట్టకుండా, ఆ మొక్క ఎక్కడ పుట్టింది, ఏమి కోరుతుంది అన్న విషయంతో మొదలుపెట్టాము.

బ్లూబెర్రీ ఉత్తర అమెరికా అడవుల పొద. ఇరవయ్యో శతాబ్దం మొదటి సంవత్సరాల వరకు దానిని తోటగా పెంచటం చాలా అరుదు. అడవిలో కాసిన పండును ఏరుకుని తెచ్చుకోవటమే ఉండేది. తోటకు తెచ్చి నాటిన పొదలు బతికేవి కావు. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కోవిల్ అందుకు కారణం కనుగొన్నాడు. మంచి తోటమట్టి, సున్నం కలిసిన మట్టి ఈ మొక్కకు మేలు చేయకపోగా హాని చేస్తాయని, దీనికి పుల్లని మట్టి, అంటే ఆమ్లగుణం గల నేల కావాలని ఆయన ప్రయోగాలు నిరూపించాయి. న్యూజెర్సీ రాష్ట్రంలో ఎలిజబెత్ వైట్ అనే మహిళ 1911లో ఆయన పరిశోధన గురించి చదివి, తమ పొలంలో ప్రయోగాలు కొనసాగించమని ఆహ్వానించింది.

ఆమె చేసిన పని గమనించదగినది. ఆమె కొత్త మొక్కల కోసం దూరదేశాలకు మనుషులను పంపలేదు. తమ ఊరి చుట్టూ ఉన్న ఇసుకనేలల అడవిలో పండ్లు ఏరి బతికే సామాన్యులకు ఒక్కొక్క కొలత పలక ఇచ్చింది. అందులో సుమారు 16 మిల్లీమీటర్ల రంధ్రం ఉండేది. ఆ రంధ్రంలో దూరనంత పెద్ద పండు కాసిన పొదను చూపించినవారికి పారితోషికం ఇచ్చి, ఆ పొదకు చూపినవారి పేరే పెట్టేది. రూబ్ లీక్ అనే వ్యక్తి చూపిన పొద ‘రూబెల్’ అయింది. ఆ రకాన్ని నేటికీ సాగుచేస్తున్నారు. 1916లో వారి తొలి పంట విపణికి చేరింది. ఈనాటి బ్లూబెర్రీ వ్యాపారమంతా ఆ ఊరి అడవిలో మొదలైనదే.

మా మేనకోడలు ఈ కథను శ్రద్ధగా విన్నది. “అయితే మన మట్టి పులుపా, కాదా అన్నది ముందు చూడాలి” అన్నది. మరునాడు ఉదయమే ఆ పని మొదలైంది.

మట్టి పులుపును పి.హెచ్. అనే కొలతతో చెబుతారు. 7 ఉంటే తటస్థం, తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం. ఈ కొలతలో ఒక అంకె తేడా అంటే పది రెట్ల తేడా. బ్లూబెర్రీకి కావలసింది 4.5 నుండి 5.5 వరకు. పొలంలో ఐదారు చోట్ల అడుగు లోతు మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి భూసార పరీక్షకు పంపారు. ఇంట్లో చేసుకోగల పరీక్ష కూడా ఒకటి ఉన్నది. పొడిమట్టి మీద కొంచెం సిర్కా పోస్తే, సున్నం ఉన్న మట్టి బుసబుస పొంగుతుంది. చెల్క మట్టి పొంగలేదు. కాని పొలం దిగువనున్న రేగడి మట్టిలో చిన్న చిన్న తెల్లని సున్నపు గులకలు కనిపించాయి, సిర్కా తగలగానే అవి నురగ కక్కాయి. వారం తరువాత వచ్చిన నివేదికలో చెల్క పి.హెచ్. 7.2 అని ఉంది. కందికి, కూరగాయలకు అది చక్కని నేల. బ్లూబెర్రీ కోరేదానికంటే మాత్రం సుమారు వంద రెట్లు తక్కువ పులుపు.

నీటి సంగతి మరొకటి. ఆపా వంటింట్లో నీళ్ళు కాచే గిన్నె లోపల తెల్లని పొర గట్టిగా పట్టి ఉన్నది. బోరునీటిలో కరిగి ఉన్న సున్నపు లవణాలే ఆ పొర. మట్టిని ఎలాగో పులుపు చేసినా, ఈ నీరు పోసిన ప్రతిసారీ ఆ పులుపు కొంత విరిగిపోతుంది. ఏడాది తిరిగేసరికి నేల మళ్ళీ మొదటికి వస్తుంది.

పులుపు లేకపోతే మొక్కకు ఏమవుతుంది? బ్లూబెర్రీ వేళ్ళు చాలా సన్ననివి, పైపైనే పాకుతాయి. ఇతర మొక్కల వేళ్ళకు ఉండే నూగువంటి వేరుకేశాలు వాటికి ఉండవు. పుల్లని మట్టిలో జీవించే ఒక రకం శిలీంధ్రం సాయంతో అవి ఆహారం తీసుకుంటాయి. మట్టి తటస్థమైతే అందులో ఇనుము ఉన్నా కరగదు, వేళ్ళకు అందదు. ఆకు ఈనెలు పచ్చగా ఉండి, మధ్యభాగం పసుపుపచ్చగా మారుతుంది. ఆ మొక్క ఒక్కసారిగా చనిపోదు. ఏడాది, రెండేళ్ళు బలహీనంగా నిలబడి, పెట్టుబడి అంతా అయిపోయిన తరువాత చనిపోతుంది. చిన్నరైతుకు ఇదే అసలు ప్రమాదం.

గంధకం వేసి నేలను పులుపు చేయవచ్చు. సేంద్రియ సాగు నియమాలు కూడా దానిని అనుమతిస్తాయి. కాని గంధకం తనంతట తాను పనిచేయదు. మట్టిలోని సూక్ష్మజీవులు దానిని ఆమ్లంగా మార్చాలి, అందుకు నెలలు పడుతుంది. నేలలో సున్నం ఉంటే వేసిన గంధకం ముందు ఆ సున్నంతోనే ఖర్చవుతుంది. పైగా సేంద్రియ రైతు ఎంతో గర్వంగా చెప్పుకునే పశువుల ఎరువు, కట్టెల బూడిద ఈ మొక్కకు పడవు. బూడిద నేలను క్షారం వైపు నడుపుతుంది, పెంటలోని లవణాలు సున్నితమైన వేళ్ళను మాడుస్తాయి. బావగారు ఏటా చెల్కలో గొర్రెల మంద కట్టించి, జనుము చల్లి కలియదున్ని, పదేళ్ళుగా కూడబెట్టిన సారమంతా బ్లూబెర్రీకి అడ్డంకే అవుతుంది. తండ్రి పదేళ్ళ శ్రమను చెరిపివేస్తేగాని కూతురి పంట నిలవదన్నమాట. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు.

వాతావరణం సంగతి కూడా చూశాము. ఈ పొదలు చలికాలంలో నిద్రపోయి లేచే స్వభావం గలవి. పాత రకాలకు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో వందల గంటలు గడవాలి. అందుకే మన దేశంలో ఈ సాగు హిమాచల్ వంటి చల్లని కొండలకు నప్పుతుంది. తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలను అమెరికా దక్షిణ రాష్ట్రాల పరిశోధకులు తరువాత రూపొందించారు. 1998లో విడుదలైన ‘బిలాక్సి’ అటువంటిది. ఆ రకం ఆధారంగానే దక్షిణ అమెరికాలోని పెరూ దేశం ఎడారి వంటి సముద్రతీరంలో తోటలు వేసి, కొద్ది సంవత్సరాల్లోనే ప్రపంచంలో అగ్రశ్రేణి ఎగుమతిదారుగా ఎదిగింది. అయితే అక్కడ నేల ఇసుక, సముద్రం వల్ల వేసవి తీవ్రత తక్కువ, ప్రతి బొట్టు నీటిలోనూ ఆమ్లం కొలిచి కలిపే డ్రిప్పు వ్యవస్థ ఉంది, దాని వెనుక పెద్ద కంపెనీల పెట్టుబడి ఉంది. కుల్కచర్లలో ఏప్రిల్, మే నెలల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 30 డిగ్రీలు దాటిన తరువాత ఈ మొక్క ఆహారం తయారుచేసుకునే వేగమే తగ్గిపోతుంది.

లెక్కలన్నీ విన్న తరువాత మా మేనకోడలు చాలాసేపు మౌనంగా కూర్చుంది. నిరాశ ఆమె ముఖంలో కనిపించింది. అప్పుడు మంచం మీద తస్బీహ్ చేసుకుంటున్న దాదీ మాట్లాడారు.

“నీ నీలిపండు సంగతి నాకు తెలియదు, బేటీ. మా పుట్టింటి దొడ్డిలో ఫాల్సా పొద ఉండేది. దానికి ఎవరూ కావాలని నీళ్ళు పోసింది లేదు. పాత్రలు కడిగిన నీళ్ళే దానికి. ఎండలు ముదిరేసరికి నల్లగా కాసేది. మీ పరదాదా షర్బత్ లేకుండా వేసవి గడిపేవారు కాదు.”

ఫాల్సా పేరు మన ఇళ్ళలో తెలియనివారు తక్కువ. హైదరాబాదు పాతబస్తీలో వేసవి రాగానే తోపుడుబండ్ల మీద, గంపల్లో ఉప్పు చల్లి అమ్మే ఊదారంగు చిరుఫలం అది. బ్లూబెర్రీకి నీలివర్ణం ఇచ్చే ఆంథోసయనిన్ వర్గపు రంగుపదార్థాలే ఫాల్సాలో, నేరేడులో, మాగిన వాక్కాయలో, మన గుట్టల్లో ముళ్ళపొదల మీద కాసే పరికిపండులో కూడా ఉంటాయి. నీలిపండు కోసం వెదుకుతున్న ఇంటి చుట్టూ నీలిపండ్లు ఉండనే ఉన్నాయి. వాటిని డబ్బాలో పెట్టి ఎవరూ ధర రాయలేదు, అంతే.

ఆ సాయంత్రం అస్ర్ నమాజు తరువాత మా మేనకోడలు గోడకున్న మేకు నుండి ఒక ఇనుప వాషరు తీసి చేతిలో తిప్పుతూ వచ్చింది. దాని రంధ్రం సరిగ్గా ఒక సెంటీమీటరు. “ఆ అమెరికా మహిళ మొక్కను మనం తెచ్చుకోలేకపోవచ్చు, ఆమె పద్ధతిని తెచ్చుకోవచ్చు కదా” అన్నది. ఈ యాత్రలో మేము విన్న మాటల్లో మాకు మిక్కిలి నచ్చినది అదే.

తరువాతి మూడు వారాలు తల్లీకూతుళ్ళు కలిసి కుల్కచర్ల, పరిగి, కొడంగల్‌లలో పాత ఇళ్ళ దొడ్లు తిరిగారు. ఎనిమిది ఫాల్సా పొదలు కనబడ్డాయి. ప్రతి పొద నుండి ఇరవై పండ్లు తీసుకుని వాషరుతో కొలిచారు. రుచి చూశారు. గింజ ఎంత, గుజ్జు ఎంత అని పరిశీలించారు. పొద ఎన్నేళ్ళది, నీరు ఎవరు పోస్తారు, ఏటా కాస్తుందా అని ఇంటివారిని అడిగి రాసుకున్నారు. కేవలం పండు సైజు చూసి మొక్కను ఎంచుకోరాదు. ఏటేటా నిలకడగా కాయటం, చీడపీడలకు తట్టుకోవటం, పండు తీపి, ఇవన్నీ కలిసి చూడాలి. ఎనిమిదిలో మూడు పొదలు ఎంపికయ్యాయి. అందులో ఒకటి పరిగిలో ఒక వృద్ధురాలి పెరట్లోది. ఆమె ఎవరినీ రూపాయి అడగలేదు. మొక్కలు పెరిగాక తనకు ఒకటి తెచ్చివ్వమన్నది.

ఆ పండ్ల గింజలను గుజ్జు పోయేలా కడిగి, నీడన ఆరబెట్టి, సంచుల్లో విత్తారు. గింజ నుండి వచ్చిన మొక్క తల్లిని అచ్చంగా పోలి ఉంటుందన్న హామీ లేదు. కనుక అవసరమైనదానికంటే రెట్టింపు మొక్కలు పెంచి, బలహీనమైనవాటిని తీసివేశారు. ఆ మూడు పొదల ముదురు కొమ్మలను కూడా ముక్కలు చేసి నాటారు. వేళ్ళు వచ్చినవి కొన్నే అయినా అవి తల్లిగుణం తప్పనివి.

ఈ ఏడాది వానాకాలంలో, రెండు మంచి వానలు పడి ఆరుద్ర కార్తె ప్రవేశించిన తరువాత, మేము మళ్ళీ కుల్కచర్ల వెళ్ళాము. మొక్కలు నాటే రోజున అక్కడ ఉండాలని ఆపా ముందే కబురు చేసింది.

ఇరవై గుంటలను ఇలా విభజించుకున్నారు. ఐదు గుంటల్లో మూడు మీటర్లకు ఒకటి చొప్పున 56 ఫాల్సా మొక్కలు. పది గుంటల్లో ఐదు మీటర్ల దూరంతో 40 సీతాఫలం మొక్కలు. పొరుగున ఉన్న పాత మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరుతో దేశమంతటా ప్రసిద్ధమైన రకాన్నే, నమ్మకమైన నర్సరీ నుండి అంటుమొక్కలుగా తెచ్చుకున్నారు. పొలం చుట్టూ 180 మీటర్ల గట్టు పొడవునా మీటరుకొకటి వాక్కాయ. దాని ముళ్ళు పశువులను ఆపుతాయి, కాయ పప్పుకూ పచ్చడికీ పనికివస్తుంది. మిగిలిన ఐదు గుంటలు కూరగాయలకు. ఫాల్సా, సీతాఫలం కాపుకు వచ్చేవరకు ఇంటి ఖర్చులకు చేతిలో కొంత పైకం ఆడాలి కదా.

ఫాల్సా గుంతలు మే నెలలోనే తీసి ఎండకు వదిలారు. పొడవు, వెడల్పు, లోతు రెండేసి అడుగులు. పైమట్టి ఒకవైపు, అడుగుమట్టి ఒకవైపు వేసి, నింపేటప్పుడు పైమట్టిలో బాగా మాగిన ఎరువు పది కిలోలు, వేపపిండి ఒక కిలో కలిపారు. ఎర్రనేలల్లో చెదల బెడద ఎక్కువ కనుక వేపపిండి తప్పనిసరి. సంచి చించి, చుట్టలు తిరిగిన వేళ్ళుంటే విడదీసి, సంచిలో ఏ లోతులో ఉన్నదో అదే లోతులో నాటారు. మట్టిని కాలితో గట్టిగా తొక్కకుండా చేత్తో అదిమి, పళ్ళెంలా పాదు చేసి, కందిపొట్టు, ఎండుటాకులు కప్పారు. ఆ కప్పు కాండానికి తగలకుండా జానెడు ఖాళీ వదిలారు.

ఫాల్సాకు కత్తిరింపే ప్రాణం. కొత్తగా వచ్చిన రెమ్మల మీదనే అది పూస్తుంది. చలికాలంలో ఆకు రాలిన తరువాత పొదను నడుము ఎత్తుకు కత్తిరిస్తే, కొత్త రెమ్మలు వచ్చి వేసవిలో కాపునిస్తాయి. వదిలేస్తే చెట్టు పెరుగుతుంది, పండు అందదు. రెండో ఏడు కొద్దిగా, మూడో ఏడు నుండి లెక్కించదగినంతగా కాస్తుంది.

దీనికీ ఒక చిక్కు ఉన్నది. పండ్లన్నీ ఒకేసారి మాగవు, ఏరి ఏరి కోయాలి. కోసిన పండు ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. దుకాణాల అరల్లో ఫాల్సా కనిపించకపోవటానికి ఇదే కారణం. కుల్కచర్ల నుండి హైదరాబాదు రెండున్నర గంటల దారి కనుక తెల్లవారుజామున కోసి పంపితే అదే రోజు అమ్ముకోవచ్చు. మిగిలినదాన్ని షర్బత్ పాకంగా నిలవ చేసుకోవాలి. రమజాన్ ఇఫ్తార్ల కోసం మంచి గిరాకీ ఉంటుందని మొదట అందరం అనుకున్నాము. లెక్క చూస్తే విషయం వేరు. చాంద్రమాసాలు ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతాయి. 2020లో రమజాన్ ఏప్రిల్ చివర మొదలై సరిగ్గా ఫాల్సా కాపుకాలంలో గడిచింది. ఇప్పుడు అది చలికాలం వైపు జరిగిపోయింది, మళ్ళీ వేసవికి తిరిగిరావటానికి చాలా ఏళ్ళు పడుతుంది. కనుక ఇఫ్తార్ బల్లకు ఫాల్సా చేరాలంటే పాకం సీసాయే మార్గం. ఆ పని నేర్చుకునే బాధ్యత ఆపా తీసుకున్నది.

ఇక బ్లూబెర్రీ సంగతి. దానిని పూర్తిగా వదులుకోవాలని ఎవరూ అనలేదు. గత ఏడాదే నాలుగు మొక్కలు తెప్పించి ఇంటి తూర్పుగోడ పక్కన కుండీల్లో పెట్టారు. ఉదయపు ఎండ తగలాలి, మధ్యాహ్నం గోడనీడ పడాలి. మన పాఠకుల్లో ఎవరికైనా ఆసక్తి ఉంటే ఆ పద్ధతి ఇది.

విత్తనాలు కొనవద్దు. విత్తనం నుండి వచ్చిన మొక్క ఏ రకమో చెప్పలేము. రకం పేరు రాసి ఇచ్చే నర్సరీ నుండి, తక్కువ చలి కోరే రకాలను, కనీసం రెండు వేర్వేరు రకాలు తీసుకోవాలి. రెండు రకాల పుప్పొడి కలిస్తే పండు పెద్దదవుతుంది. రెండేళ్ళ వయసున్న మొక్క, మొదలు నుండి రెండు మూడు కొమ్మలు లేచినది, సంచి నుండి తీస్తే తెల్లని సన్నని వేళ్ళు కనిపించేది మంచిది. 40 నుండి 50 లీటర్ల కుండీ, అడుగున రంధ్రాలు ఉండాలి. పొలం మట్టి వేయకూడదు. లవణాలు పోయేలా రెండు మూడుసార్లు కడిగిన కొబ్బరిపొట్టులో ఆకుల ఎరువు, కొంచెం గంధకం కలిపి, నాటటానికి రెండు మూడు నెలల ముందే తడిపి ఉంచాలి. పెంట, బూడిద, కోడిగుడ్డు పెంకులు దగ్గరికి రానీయరాదు. పోయటానికి వాననీరు శ్రేష్ఠం. దాని సహజ పులుపు ఈ మొక్కకు సరిపోతుంది. వారి ఇంటి కప్పు మీది వాననీరు ఇప్పుడు ఒక పెద్ద డ్రమ్ములో పడుతున్నది. వేసవిలో నీడవల తప్పనిసరి. మొదటి ఏడు పూసిన పూలను గిల్లివేయాలి, అప్పుడే వేళ్ళు బలపడతాయి.

బ్లూబెర్రీ పువ్వు చిన్న గంటలా కిందికి వేలాడుతుంది. దాని పుప్పొడి సన్నని గొట్టాల్లో ఉంటుంది, రెక్కల కండరాలతో గట్టిగా కంపింపజేస్తే బాగా రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. వంగపువ్వు మీద వాలి ‘ఝుం’మని మోగించే పెద్ద నల్లతుమ్మెదకు వచ్చు. అందుకే ఆ కుండీల పక్కనే వంగమొక్కలు వేశారు.

మొదటి వేసవిలో నాలుగు మొక్కల్లో ఒకటి ఎండిపోయింది. మిగిలిన మూడు తట్టుకుని నిలిచాయి. 650 మొక్కల్లో నాలుగోవంతు పోయి ఉంటే ఆ ఇంట పరిస్థితి ఎలా ఉండేదో ఎవరూ వివరించనక్కరలేదు. ఒక్క మొక్క పోవటం మాత్రం పాఠంగా మిగిలింది. చనిపోయినది మధ్యాహ్నపు ఎండ సోకే చివరి కుండీ అని గుర్తించి, మిగిలినవాటిని లోపలికి జరిపారు.

నాటటం పూర్తయ్యేసరికి అస్ర్ వేళ అయింది. చివరి వరుసలో బావగారు ఒక మొక్కను చూపుతూ, “పక్షులకు ఫాల్సా అంటే మహా ఇష్టమట. మనకు మిగులుతుందా?” అని నవ్వారు. మనం నాటిన చెట్టు ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది నాటినవారికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మన పిల్లలకు సైతం తెలుసు. దాదీ అదే గుర్తుచేశారు. మా మేనకోడలు మాత్రం, “సదఖాకు ఒక వరుస, సంతకు మిగతా వరుసలు” అని వలకు కొలతలు రాసుకుంది.

ఆమె దాచుకున్న పైకంలో మూడోవంతే ఖర్చయింది. మిగిలినది వాననీటి తొట్టికి, రెండో ఏటి అవసరాలకు పక్కన పెట్టుకున్నది. చుట్టుపక్కల రసాయనాలు వాడని మరో నలుగురు రైతులతో మాట్లాడుతున్నది. ఐదుగురు రైతులు బృందంగా ఏర్పడితే పి.జి.ఎస్. పద్ధతిలో ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలించుకుని సేంద్రియ ధ్రువీకరణ పొందే వీలున్నది. నగరానికి తిరిగివెళ్ళే ప్రస్తావన ఈసారి ఎవరి నోటా వినబడలేదు.

పట్టణాల్లో ఉంటూ ఊళ్ళో ఎకరమో రెండెకరాలో ఉన్న కుటుంబాలు మనలో అనేకం. పిల్లలు కొత్త పంట ఊసెత్తగానే పెద్దలు కొట్టివేయటం, లేదా ధర చూసి అందరూ కలిసి పరుగెత్తటం, ఈ రెండే ఎక్కువగా చూస్తుంటాము. కుల్కచర్ల ఇంట మేము చూసినది మూడో దారి. మట్టిని పరీక్షకు పంపటం, నీటిని చూడటం, వేసవి గురించి ఆలోచించటం, కొత్త మొక్కను నాలుగు కుండీల్లో పరీక్షించటం, పెద్దల జ్ఞాపకంలో ఉన్న పండును మళ్ళీ పొలంలోకి తీసుకురావటం. వీటికి ఖర్చు స్వల్పం. ఓర్పు మాత్రం ఒక ఏడాదికి సరిపడా కావాలి.

తిరుగు ప్రయాణంలో మా కారులో ఒక ఫాల్సా మొక్క ఉన్నది. పరిగిలో ఆగి, పాత పెంకుటింటి తలుపు తట్టి, మాట ఇచ్చిన ప్రకారం ఆ వృద్ధురాలికి దానిని అప్పగించాము. ఆమె ఆకులు తిప్పి చూసి, సంచిని చేత్తో తూచినట్లు పట్టుకుని, “ఏ పొద బిడ్డ ఇది?” అని అడిగింది. మీ పెరటి పొద బిడ్డేనని చెప్పాము. దాన్ని తన మనవడి ఇంటికి పంపుతానని లోపలికి తీసుకువెళ్ళింది.